పాలగింజ మొక్కజొన్న, బొబ్బరకాయల కూర: చేలోంచి నేరుగా పొయ్యి మీదికి



ఈసారి వీడియోలో జీవామృతం డ్రమ్ము లేదు, కషాయం కుండ లేదు. పొయ్యి, మూకుడు, గరిటె ఉన్నాయి. ఎండాకాలంలో మా ఇంట్లో వారానికి రెండు మూడుసార్లు వండుకునే కూర చూపించాను. పాలగింజ మొక్కజొన్న, బొబ్బరకాయలు, కాస్త పచ్చిమామిడి, కాస్త కొబ్బరి. అంతేనండి. గరిటె పట్టుకుంది నేను. వెనక నుంచి "ఒరేయ్ అబ్బాయ్, మంట తగ్గించరా" అని వినిపించే గొంతు మా అమ్మది.

వ్యవసాయం గురించి చెప్పేవాడు వంట ఎందుకు చూపిస్తున్నాడు అనుకోకండి. మా చేను మారడానికి సగం కారణం ఈ కూరే. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత సాగు, ఆ తర్వాత వంట చెప్తాను. వంట ఒక్కటే కావాలంటే నేరుగా కిందికి వెళ్ళిపోండి, నేనేమీ అనుకోను.

మా చేలో పొత్తు మేమే తినని రోజులు

మాది తెనాలి దగ్గర మాగాణి. సార్వా వరి కోశాక, దున్నకుండానే ఆ తడి మీద మొక్కజొన్న గింజ పెడతాం. మా నాన్న రోజుల్లో వరి కోతకు ముందే చేలో మినుము, పెసర చల్లేవాళ్ళు. తర్వాత మినుముకు పల్లాకు తెగులు, చేలల్లో బంగారు తీగ బాగా పెరిగిపోయాయి. దిగుబడి పడిపోయింది. మా చుట్టుపక్కల చాలామంది ఒక్కొక్కరుగా మొక్కజొన్నకు మారారు, మేమూ మారాం. అలా పప్పుజాతి పంట చేలోంచి పోయింది. వచ్చిన మొక్కజొన్న కోళ్ళ దాణాకో, స్టార్చ్ ఫ్యాక్టరీకో వెళ్ళేది. లారీ ఎక్కించడమే తప్ప, మా వంటింట్లోకి ఒక్క గింజ వచ్చేది కాదు.

2018లో మన దేశంలోకి కత్తెర పురుగు వచ్చింది. మరుసటి ఏడాది మా చేలోనూ పడింది. తెల్లారి చేలోకి వెళ్తే ఆకులు జల్లెడలా ఉండేవి, సుడి నిండా రంపపు పొట్టులా దాని పెంట. భయపడిపోయి రెండు రకాల మందులు కొట్టాను, సుడిలో గుళికలు వేశాను.

అప్పుడు మా పాపకు ఏడేళ్ళు. ఒకరోజు నా వెనకే చేలోకి వచ్చి, గట్టు పక్క మొక్క నుంచి ఒక పొత్తు విరిచింది, కాల్చుకుని తిందామని. నేను పరుగెత్తుకెళ్ళి చేతిలోంచి లాక్కుని కాలవలోకి విసిరేశాను.

"ఎందుకు నాన్నా?"

"మందు కొట్టానమ్మా. తినకూడదు."

"మరి ఇవన్నీ ఎవరు తింటారు?"

"కోళ్ళు."

కాసేపు ఆలోచించి, "కోళ్ళని ఎవరు తింటారు నాన్నా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆ ఏడాది పంట అయితే అమ్మాను, అబద్ధం చెప్పను. అప్పు ఉంది, అమ్మకపోతే గడవదు. కానీ ఇంటి పక్క మెరక మడిలో ఒక్క సెంటు మాత్రం మందు లేకుండా, మా పాప విరుచుకు తినడానికే వేద్దాం అనుకున్నాను. నా ప్రకృతి వ్యవసాయం అక్కడ మొదలైంది. ఎకరాల్లో కాదండి, ఒక్క సెంటులో.

మొదటి ఏడాది చేసిన తప్పులు

మంచి మాటలు అందరూ చెప్తారు. నేను ముందు తప్పులు చెప్తాను, మీకు పనికొస్తాయి.

మొదటి తప్పు, తీపి మొక్కజొన్న వేయడం. రకం మంచిదే. కానీ మా చుట్టూ అందరిదీ దాణా మొక్కజొన్న. రెండూ ఒకేసారి పూతకు వస్తే వాళ్ళ పుప్పొడి గాలికి వచ్చి మన పీచు మీద పడుతుంది. అలా కట్టిన గింజ తీపి లేకుండా పిండిపిండిగా ఉంటుంది. తీపి రకం వేయాలంటే పక్క చేలతో పూత సమయం మూడు వారాలైనా తేడా ఉండాలి, లేదా బాగా దూరమైనా ఉండాలి. నాకు రెండూ కుదరలేదు. అందుకే ఇప్పుడు నాటు మొక్కజొన్నే వేస్తాను. పాల దశలో కోస్తే అది కూడా చక్కగా తియ్యగానే ఉంటుంది, కాస్త నమలాలి అంతే. విత్తనం కూడా మన చేతిలోనే ఉంటుంది.

రెండో తప్పు, గట్టు వెంబడి ఒకే వరస పెట్టడం. మొక్కజొన్నలో పైన మగ పూత, నడుమన పొత్తు. పై నుంచి పుప్పొడి రాలి ప్రతి పీచుకూ తగిలితేనే ప్రతి గింజా కడుతుంది. ఒకే వరస అయితే పుప్పొడి గాలికి పక్కకు పోతుంది. నాకు వచ్చిన పొత్తులు పళ్ళూడిన నోళ్ళలా ఉన్నాయి. పొడుగు వరస బదులు నాలుగైదు చిన్న వరసలు పక్కపక్కన, చతురంగా పెట్టండి.

మూడో తప్పు పెద్దది. తీగ బొబ్బర్లను మొక్కజొన్నతో పాటు ఒకే రోజు పెట్టాను. తీగలు మొక్కజొన్నను చుట్టుకుని, దాని నెత్తి మీద ఎక్కి కూర్చున్నాయి. ఓ సాయంత్రం ఈదురుగాలికి సగం మడి పడుకుంది. మా అమ్మ చూసి, "పిల్ల భుజం మీద పెద్దమనిషిని ఎక్కించావు కదరా" అంది.

ఇప్పుడు వేస్తున్న పద్ధతి

మూడు సెంట్లు మూడు విడతలుగా వేస్తాను. జనవరి చివర ఒక సెంటు, ఫిబ్రవరి నడుమ ఒక సెంటు, మార్చి మొదట్లో ఒక సెంటు. ఏప్రిల్ రెండో వారం నుంచి మే నెల సగం దాటేదాకా ఇంటికి పొత్తులు ఉంటాయి. మూడో విడత పూత సమయానికి ఎండ ముదురుతుంది, పుప్పొడి ఎండిపోయి గింజ పలచబడుతుంది. అది తెలిసే వేస్తాను. పశువుల మేత అయినా వస్తుంది కదా.

వరసల మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య జానెడు కన్నా కొంచెం ఎక్కువ. విత్తనానికి బీజామృతం పట్టిస్తాను. మొక్కజొన్న పెట్టిన రెండున్నర వారాలకు, వరసల నడుమ పొద బొబ్బర్లు పెడతాను. పొద రకం కాబట్టి పాకదు. ఆలస్యంగా పెడతాం కాబట్టి మొక్కజొన్న అప్పటికే నిలదొక్కుకుని ఉంటుంది. సరిగ్గా పొత్తు పాలు పోసుకునే వేళకు బొబ్బరకాయ కూడా చేతికొస్తుంది. కూరకు రెండూ ఒకేరోజు దొరకాలంటే ఈ లెక్క ముఖ్యం.

నేల మీద వరిగడ్డి ఆచ్ఛాదన పరుస్తాను. జీవామృతం రెండు వారాలకోసారి నీటితో పారిస్తాను. జీవామృతంలో వేసే రెండు కిలోల పప్పు పిండికి శనగపిండి కొనే పని లేదు. నిరుటి బొబ్బర్లలో పుచ్చినవి, ముక్కలైనవి విసిరి ఆ పిండే వేస్తాను.

కత్తెర పురుగు ఇప్పుడు రాదా అంటే, వస్తుంది. మొదటి నెలంతా పొద్దున్నే మడిలో తిరిగి ఆకుల మీద గుడ్ల గుంపులు కనిపిస్తే వేళ్ళతో నలిపేస్తాను. పురుగు దూరిన సుడిలో చిటికెడు ఇసుక, బూడిద కలిపి వేస్తాను. ఎక్కువగా కనిపిస్తే నీమాస్త్రం. బొబ్బర్లకు పేనుబంక పట్టినా కంగారుపడి ఏదీ కొట్టకండి. పేనుబంక ఉన్నచోటికి అక్షింతల పురుగులు వాటంతటవే వస్తాయి. వాటికి నాలుగు రోజులు సమయం ఇవ్వండి. మూడు సెంట్లలో ఇదంతా చేతితో అయ్యే పని. పదెకరాల్లో ఇలాగే కుదురుతుందని మాత్రం నేను చెప్పను.

ఇంకో మాట. బొబ్బర్లు గాలిలో నత్రజని పట్టి పక్కనున్న మొక్కజొన్నకు వెంటనే పోసేస్తాయని కొందరు చెప్తుంటారు. బొబ్బర వేర్ల బుడిపెల్లో పట్టిన నత్రజని చాలావరకు దాని పెరుగుదలకే సరిపోతుంది. మనకు అసలు లాభం తర్వాత వస్తుంది. కాయలు కోసుకున్నాక మొక్కను పీకకుండా మొదలు కోసి, ఆకు, కొమ్మ అక్కడే పరిస్తే, వేరు, ఆకు కుళ్ళి తర్వాతి పంటకు అందుతుంది. ఇంతలో నేలకు నీడ, కలుపుకు అడ్డు. అది చాలదా?

పొత్తు ఎప్పుడు కోయాలి

కూర రుచి సగం ఇక్కడే తేలిపోతుంది. పీచు వచ్చిన మూడు వారాలకు అటూ ఇటూగా చూడండి. పీచు గోధుమరంగుకు తిరిగి ఎండి ఉండాలి, పైన ఆకు పొర మాత్రం పచ్చగానే ఉండాలి. పొర కాస్త తప్పించి ఒక గింజను గోటితో నొక్కండి. నీళ్ళు చిమ్మితే ఇంకా లేత. పాలు చిమ్మితే సరైన అదను. ముద్దగా పిండిలా వస్తే కూరకు దాటిపోయినట్టే, దాన్ని ముదరనిచ్చి విత్తనానికి వదిలేయండి.

పొద్దున్నే, ఎండ ఎక్కకముందే విరవండి. పొత్తు విరిచిన క్షణం నుంచి గింజలోని తీపి పిండిగా మారడం మొదలుపెడుతుంది, వేడికి ఇంకా తొందరగా. మన ఎండల్లో సంచిలో వేసి సాయంత్రందాకా ఉంచితే తేడా నోటికి తెలిసిపోతుంది. బజార్లో కొన్న పొత్తుకు ఈ రుచి ఎందుకు రాదో ఇప్పుడు అర్థమైంది కదా. ఎంత డబ్బు పెట్టినా కొనలేని వస్తువు ఒకటి రైతు దగ్గర ఉందంటే, అది ఈ పొద్దున పొత్తే.

బొబ్బరకాయ కూడా అప్పుడే కోసుకోండి. పట్టుకుంటే టక్కున విరిగేది లేత. గింజ ఉబ్బి తొక్క మెత్తబడింది ముదురు. రెండూ పనికొస్తాయి. లేతవి ముక్కలు చేస్తాం, ముదురువి గింజ ఒలుస్తాం.

కూరకు కావలసినవి (ఐదుగురికి)

పాలగింజ పొత్తులు 4. బొబ్బరకాయలు పావు కిలో. ఉల్లిపాయ పెద్దది 1. పచ్చిమిర్చి 4. వెల్లుల్లి రెబ్బలు 5. పచ్చిమామిడి కోరు రెండు చెంచాలు. పచ్చి కొబ్బరి కోరు మూడు చెంచాలు. గానుగ వేరుశనగ నూనె రెండు చెంచాలు. తాలింపుకు ఆవాలు, జీలకర్ర, ఒక ఎండుమిర్చి, కరివేపాకు. పసుపు చిటికెడు, ఉప్పు సరిపడా.

వండే విధానం

ముందు పొత్తును పళ్ళెంలో నిలబెట్టి పట్టుకుని, చాకుతో పై నుంచి కిందికి గింజలు కోసేయాలి. మరీ లోతుకు పోకండి, బెండు వస్తుంది. తర్వాత చాకు వెనక వైపుతో కండెను గట్టిగా గీకండి. మిగిలిన పాలు, గింజల మొదళ్ళు ముద్దలా వస్తాయి. చాలామంది ఈ పని చేయరు. కూర ముక్కకు ముక్క అంటుకుని ఉండేది ఆ పాలతోనే. శనగపిండి చల్లే పని ఉండదు.

లేత బొబ్బరకాయలు అంగుళం ముక్కలుగా తుంచుకోండి. ముదురువాటి గింజలు ఒలిచి అందులోనే కలపండి. వెల్లుల్లి, పచ్చిమిర్చి, జీలకర్ర కొంచెం రోట్లో కచ్చాపచ్చాగా దంచుకోండి. మెత్తగా నూరొద్దు.

మూకుడు పెట్టి నూనె కాగాక ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు వేయండి. చిటపటలాడాక దంచిన ముద్ద, వెంటనే ఉల్లిపాయ ముక్కలు. ఉల్లిపాయ ఎర్రగా వేగనక్కర్లేదు, మెత్తబడితే చాలు.

ఇప్పుడు బొబ్బరకాయ ముక్కలు, గింజలు, పసుపు, ఉప్పు వేసి, చిన్న టీ గ్లాసుడు నీళ్ళు పోసి మూత పెట్టండి. సన్న మంట మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు. గింజను వేళ్ళ మధ్య నొక్కితే నలగాలి. అప్పటిదాకా పులుపు వేయొద్దు. పులుపు తగిలితే బొబ్బరగింజ ఎంతకీ ఉడకదు. నేను మొదటిసారి మామిడికోరు ముందే వేసి అరగంట కూర్చున్నాను. గింజ గులకరాయిలా అలాగే ఉంది. మా అమ్మ నవ్వుకుంటూ పక్కన కూర్చుంది తప్ప చెప్పలేదు. "చెప్తే మర్చిపోతావు, మాడితే గుర్తుంటుంది" అని ఆవిడ సిద్ధాంతం.

బొబ్బరగింజ ఉడికాక మొక్కజొన్న గింజలు, గీకిన పాలు వేసి కలపండి. మూత పెట్టి ఐదారు నిమిషాలు. నడుమ ఒకసారి అడుగు నుంచి కలపాలి, పాలు అడుగంటుతాయి. మంట తగ్గించమని మా అమ్మ అరిచింది ఇక్కడే. గింజ రంగు కాస్త ముదిరి, నీరు ఇంకిపోతే ఉడికినట్టు.

చివర మామిడికోరు వేసి రెండు నిమిషాలు తిప్పి, కొబ్బరికోరు చల్లి దించేయండి. తీపి, పులుపు, కారం మూడూ విడివిడిగా తెలియాలి. మామిడి మరీ పుల్లనిదైతే ఒక చెంచా చాలు.

వేడి అన్నంలోకి ముద్దపప్పు పక్కన బాగుంటుంది. నాకు మాత్రం పొద్దున చద్దన్నంలో పెరుగు కలుపుకుని, పక్కన రాత్రి మిగిలిన ఈ కూర ఉంటే చేలో పదకొండింటిదాకా ఆకలి గుర్తుకురాదు. ఒక జాగ్రత్త, ఎండాకాలం కొబ్బరి వేసిన కూర తొందరగా పాడవుతుంది. పొద్దుటికి దాచాలనుకుంటే ఆ భాగం కొబ్బరి వేయకముందే తీసి పక్కన పెట్టండి.

పచ్చి బొబ్బరకాయ దొరకకపోతే ఎండు బొబ్బర్లు రాత్రి నానబెట్టి, విడిగా ఉడికించి వేసుకోవచ్చు. లేదా గోరుచిక్కుడు. గోరుచిక్కుడు వేస్తే కొబ్బరి కాస్త ఎక్కువ వేసుకోండి, వగరు తగ్గుతుంది.

రెండూ కలిపే ఎందుకు వండాలి

మొక్కజొన్న మాంసకృత్తుల్లో లైసిన్ అనే భాగం తక్కువ. బొబ్బర్లలో అది బాగా ఉంటుంది. బొబ్బర్లలో తక్కువైన మెథియోనిన్ మొక్కజొన్నలో దొరుకుతుంది. ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది. మనం అన్నంలో పప్పు కలుపుకోవడంలో ఉన్న లెక్కే ఇది.

మొక్కజొన్న పుట్టిల్లు మెక్సికో. అమెరికా ఖండపు మూలవాసులు తరతరాలుగా మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే మడిలో వేసుకున్నారు, ముగ్గురు అక్కచెల్లెళ్ళు అని పిలుచుకున్నారు. మొక్కజొన్న, చిక్కుడు గింజలు కలిపి వండే కూర ఇప్పటికీ అక్కడ ఉంది, సకోటాష్ అంటారు. ఆ పేరు నారగాన్సెట్ అనే మూలవాసుల భాష నుంచి వచ్చింది. మన బొబ్బర్ల పుట్టిల్లేమో ఆఫ్రికా. ఎక్కడెక్కడి గింజలో మన మడిలో కలిశాయి, మన మూకుట్లో మామిడి, కొబ్బరితో చుట్టరికం కలుపుకున్నాయి. మనం చేసిందల్లా మొక్కజొన్నను ఒంటరిగా లారీ ఎక్కించడం. దాని తోడును మళ్ళీ మడిలోకి తెస్తే కూరగిన్నెలోకి కూడా అదే వచ్చింది.

ఏదీ పారేయొద్దు

పైపొర, పచ్చి మొక్క ఆవుకు మేత. గింజ తీసిన కండెలను రెండు ముక్కలు చేసి నీళ్ళలో పది నిమిషాలు మరిగించి, ఆ నీళ్ళతో చారు పెట్టండి, తియ్యగా ఉంటుంది. కండెలు తర్వాత ఎండబెడితే పొయ్యిలోకి. ప్రతి విడతలో మడి నడుమ ఉన్న పది పన్నెండు మంచి పొత్తులను ముట్టుకోకుండా ముదరనిచ్చి విత్తనానికి ఉంచండి. అంచు వరసల్లో పక్క చేల పుప్పొడి ఎక్కువ పడుతుంది, అవి విత్తనానికి వద్దు. బొబ్బర్లలో కూడా మొదట కాసిన మంచి కాయలు కొన్ని చెట్టునే ఎండనివ్వండి.

చివరిగా

మిగతా పొలం గురించి అడుగుతారని తెలుసు. అంతా ఒక్కసారి మార్చలేదు. ఏటా కొంచెం కొంచెం మారుస్తూ వచ్చాను, ఇంకా కొంత మిగిలే ఉంది. మందు కొట్టే భాగం ఉన్నంతకాలం దాన్ని దాచిపెట్టి చెప్పను. కానీ ప్రతి ఏడూ కొత్తగా మార్చే ముక్క గురించి నన్ను నేను ఒకటే ప్రశ్న వేసుకుంటాను: ఇందులో పొత్తు విరిచి, కడక్కుండా నా పిల్లకు ఇవ్వగలనా? ఇవ్వగలను అన్నప్పుడే ఆ ముక్క మారినట్టు.

మీరు ఎకరాల లెక్క పక్కన పెట్టి, ఈ వేసవికి ఇంటి పక్కన ఒక్క సెంటు వేయండి. మొదటి కూర వండినప్పుడు ఎలా వచ్చిందో, మీ ఊళ్ళో మొక్కజొన్నకు తోడుగా ఏ చిక్కుడు వేస్తారో రాయండి. మా అమ్మకు చదివి వినిపిస్తాను.

వీడియో చివర్లో ఫోను కాస్త ఊగుతుంది, ఏమీ అనుకోకండి. తీసింది మా పాప. ఇప్పుడు హైస్కూల్లో ఉంది. ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో మూకుట్లోంచి కూర తీసుకుని తింటోంది.